పసివాళ్ల తలకు బ్యాండు పెట్టేముందు

తార్నాక, హైదరాబాద్

అమ్మాయీ,

బ్యాండులోంచి తలలోకి కాంతి పంపి మెదడులో రక్తం ఎలా మారుతుందో చూసే ఎఫ్‌నిర్స్ యంత్రం వచ్చేసిందని, వచ్చే వారమే పిల్లల్ని పిలుస్తానని రాశావు. తొందరపడకు. ముందు ల్యాబ్ కిటికీకి మందపాటి పరదా వేయించు. యంత్రం వాడేది 650 నుంచి 900 నానోమీటర్ల మధ్య కాంతి. మన ఎండలో అది కావలసినంత ఉంటుంది. తిరిగొచ్చే కాంతిని పట్టే డిటెక్టర్ ఎండకే నిండిపోతే నీ కాంతి దానికి కనిపించదు.

తర్వాత జుట్టు. మన పిల్లలది నల్లటి ఒత్తు జుట్టు, పైగా నూనె. మెలనిన్ కాంతిని మింగేస్తుంది, నూనెకు బ్యాండు జారిపోతుంది. ఫోన్ చేసినప్పుడే "ఆ రోజు తలకు నూనె రాయకండమ్మా" అని చెప్పు. పుట్టువెంట్రుకలు తీయించిన పిల్లలు దొరికితే పండగే అనిపిస్తుంది. కానీ ఒక వయసు వాళ్లంతా గుండుతో, ఇంకో వయసు వాళ్లంతా జుట్టుతో వస్తే, నీకు కనిపించే తేడా మెదడుదో జుట్టుదో ఎలా చెప్తావు?

దిష్టి చుక్క సంగతీ మర్చిపోకు. ఒకసారి నుదుటి మీద ఒక ఛానెల్, అంటే కాంతి పంపే మొన, పట్టే మొన కలిసిన జత, అసలు పనిచేయలేదు. రెండు రోజులు కేబుళ్లు మార్చి మార్చి చూశాను. తీరా చూస్తే అక్కడ ఇంత కాటుక! నుదుటి చుక్క చెరిపేయమంటే నాయనమ్మలు ఒప్పుకోరు. "అరికాలికి పెట్టండి" అంటే ఒప్పుకుంటారు.

మెదడు చురుగ్గా పనిచేసిన చోటికి రక్తం తాపీగా వస్తుంది. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్ పెరిగి శిఖరానికి చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అందుకే నువ్వు బిడ్డకు వినిపించే ఒక శబ్దానికీ ఇంకోదానికీ మధ్య ఖాళీ ఇవ్వు. ఆ ఖాళీ కూడా ఎప్పుడూ ఒకే లెక్కన పెట్టకు, రక్తపోటులో దానంతటదే వచ్చే నెమ్మది అలలు దాంతో కలిసిపోతాయి.

తెలుగు మాటలు వినిపిస్తానన్నావు, మంచిదే. 2003లో ఇటలీలో అప్పుడే పుట్టిన పిల్లలకు మాటల్ని మామూలుగానూ, తిరగేసీ వినిపిస్తే, మామూలు మాటలకే ఎడమవైపు స్పందన ఎక్కువ వచ్చింది. కానీ నీ దగ్గరికొచ్చే బిడ్డ అమ్మ నోట తెలుగు, పక్కింట్లో దక్కనీ ఉర్దూ, టీవీలో హిందీ వింటుంటాడు. ఇంట్లో ఎవరు ఏ భాష మాట్లాడతారో ముందే అడిగి రాసుకో. తర్వాత గుర్తు తెచ్చుకుందామంటే కుదరదు.

తల్లులు "కరెంటు కొడుతుందా?" అని అడుగుతారు. ముందు ఆ బ్యాండు వాళ్ల అరచేతిలో పెట్టి చూపించు. "మా బాబు తెలివైనోడేనా?" అని కూడా అడుగుతారు. అప్పుడు మొహమాటానికి కూడా "బాగుంది" అనకు. ఒక్క బిడ్డ గ్రాఫ్‌లో ఆ జవాబు ఉండదు. బిడ్డ ఏడిస్తే బ్యాండు తీసెయ్, బతిమాలకు. సగంలో ఆగిపోయేవాళ్లు చాలామందే ఉంటారు, సంఖ్య ముందే పెంచుకో.

నువ్వు పంపిన బొమ్మలో ఆప్టోడ్ల, అంటే కాంతి పంపే, పట్టే ఆ మొనల మధ్య 3 సెంటీమీటర్లు పెట్టావు. అది పెద్దవాళ్ల లెక్క. ఆరు నెలల బిడ్డకు 2 నుంచి 2.5తో మొదలుపెట్టు. శనివారం నేనూ వస్తాను. పాలు పట్టాక పెట్టాలా, ముందే పెట్టాలా అన్నది అక్కడ ఒక బిడ్డను చూసి తేల్చుకుందాం.

మీ మేడమ్