చిన్నప్పుడే మెదడులో రక్తస్రావమైన బాబు: నడక వచ్చింది, ఇప్పుడేం చూసుకోవాలి?

అక్కా, ఆరేండ్లప్పుడు ఏవీఎం (మెదడులో పుట్టుకతో చిక్కుపడ్డ రక్తనాళాల ముడి) పగిలి ఆపరేషన్ అయిన బాబు ఇప్పుడు ఐదో తరగతి, నడుస్తున్నడు, కుడి చెయ్యే వెనకబడ్డది, అందరి లెక్క బతుకుతడా అని అడిగారు. బతుకుతడు. కాకపోతే నడక వచ్చింది కదా అని చాలా ఇళ్లల్లో అక్కడితో ఆగిపోతారు.

మెదడు దెబ్బ కొన్ని విషయాల్లో ఆలస్యంగా బయటపడుతుంది. చిన్న క్లాసుల్లో బాగానే ఉంటుంది. ఆరు, ఏడుకొచ్చాక నోట్స్ గబగబా రాయాలి, పెద్ద లెక్కలో మెట్టు వదలకుండా పోవాలి, అప్పుడు తడబడతారు. సార్లు దాన్ని సోమరితనం అంటారు. హైస్కూల్‌కు ముందే న్యూరోసైకాలజీ పరీక్ష (జ్ఞాపకం, ఏకాగ్రత, ఆలోచన వేగం ఎలా ఉన్నాయో చూసేది) చేయించి, రిపోర్టు బడిలో ఇవ్వండి. బడి నుంచి రాగానే ట్యూషన్‌కు తోలకండి, అరగంట పడుకోనివ్వండి. ఆ అలసట నిజమైనదే.

చొక్కా తొడిగేటప్పుడు కుడి చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. ఒక్క చేత్తో కాని పనులే ఇవ్వండి: సీసా మూత తిప్పడం, చిక్కుడుకాయలు ఒలవడం, చపాతీ కర్ర. బాగున్న చేతిని కట్టేసే థెరపీ మాత్రం ఫిజియో చెప్పకుండా చేయొద్దు. కాలికి స్ప్లింట్ (పాదాన్ని నిలిపి ఉంచే గట్టి పట్టీ) ఉంటే లోపల సాక్సు వేయండి. విప్పాక ఎర్ర మచ్చ 20 నిమిషాల్లో పోకపోతే అది ఒత్తుతున్నట్టే, సరిచేయించాలి. ఎదిగే పిల్లగాడు, స్ప్లింట్ చిన్నదైపోతూనే ఉంటది. మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపేది) ఉంటే ఫిజియో ఏ రోజు వస్తారో అడగండి.

ఫిట్స్ గోలీలు వేసుకుంటుంటే బాగానే ఉన్నడని సొంతంగా ఆపొద్దు. నిద్ర చెడినా వస్తాయి, కాబట్టి మేడారం జాతరకు వెళ్తే గోలీలు మీ సంచిలోనే ఉండాలి, జంపన్న వాగులో ఒక్కణ్ణే దిగనివ్వొద్దు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, చేతిలో తాళాలు వద్దు. ఐదు నిమిషాలు దాటితే 108.

వైకల్యం 40 శాతం, అంతకన్నా ఎక్కువ ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద ప్రత్యేక సౌకర్యాలు వర్తిస్తాయి. వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) ఇప్పుడే తీసుకోండి. పదో తరగతి పరీక్ష ఫీజు కట్టేటప్పుడు పరుగెత్తితే ఆలస్యమవుతుంది. పరీక్షలో బాబు చెప్తే రాసిపెట్టేవాళ్లు, అదనపు సమయం కావాలని హెడ్‌మాస్టర్‌కు ముందే రాసివ్వాలి.

ఇంకోటి, పిల్లల్లో ఏవీఎం పూర్తిగా తీసేసినా కొందరిలో మళ్లీ ఏర్పడుతుంది. తర్వాతి స్కాన్ లేదా యాంజియోగ్రామ్ (రక్తనాళాలను చూపే పరీక్ష) ఎప్పుడో న్యూరోసర్జన్‌తో తేదీ రాయించుకోండి. షంట్ (మెదడులో చేరే నీటిని బయటికి దించే గొట్టం) పెట్టి ఉంటే పొద్దున తలనొప్పి, వాంతులు, మగతను గ్యాస్ అనుకోవద్దు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.