ముందు ఉత్తినే ఒకసారి రీబూట్ చెయ్యి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే శనివారం రాత్రి మీ ఆఫీసులోని బిల్లింగ్ సర్వర్‌కు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ నువ్వొక్కదానివే చేయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ మాటకు అర్థం తెలియకపోయినా, ఇంత పని తన కూతురి చేతిలో పెట్టారని మురిసిపోయింది. యంత్రం చిప్పుల్లోనే ఉండి దాన్ని నడిపించే ప్రోగ్రామును మార్చడమని నాకు అర్థం తెలుసు కాబట్టి ముందు గర్వం కలిగింది, ఆ వెనకే గుండెలో దడ మొదలైంది. ఈ ఉత్తరం ఆ దడ తగ్గక రాస్తున్నది.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. బ్యాకప్ తీసుకో, అందులోంచి ఒక ఫైలైనా వెనక్కి తెచ్చి తెరిచి చూడు. ఫర్మ్‌వేర్‌ను తయారీదారు సైటు నుంచే దించుకుని, అక్కడిచ్చిన ఎస్‌హెచ్‌ఏ-256 విలువతో, అంటే ఆ ఫైలు వేలిముద్రతో, సరిచూసుకో. రెండు పవర్ సప్లైలూ, యూపీఎస్ బ్యాటరీ బాగున్నాయో లేదో చూసుకో. వీటి గురించి ఇంతకన్నా చెప్పను.

అసలు సంగతి ఇది. ఆ సర్వర్ ఆఖరిసారి రీబూట్ అయింది ఎప్పుడు?

పదేళ్ల కిందట నా చేతిలో ఒక లినక్స్ సర్వర్ 611 రోజులుగా ఆగకుండా నడుస్తూ ఉండేది. అప్‌టైమ్ కమాండ్ కొట్టి ఆ అంకెను కొత్తగా చేరిన పిల్లలకు చూపించి మీసం మెలేసేవాణ్ణి. పడుకుంటే మళ్లీ లేస్తుందో లేదో ఆ 611 రోజుల్లో ఒక్కసారైనా పరీక్షించలేదన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు. ఒక రాత్రి దానికి బయాస్, అంటే ఆన్ చెయ్యగానే మొదట లేచి మిగతావాటిని లేపే ఫర్మ్‌వేర్, అప్‌డేట్ చేశాను, చక్కగా ఎక్కింది. రీబూట్ అవుతుంటే తెర మీద వరుసలు పరుగెత్తి, ఒకచోట ఆగి, 90 సెకన్లు లెక్కపెట్టి, చివరికి ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లి రూట్ పాస్‌వర్డ్ అడిగింది. ఆ పైనున్న వరుసల్లో కారణం రాసే ఉంది, నేను చదవలేదు. ఇప్పుడే ముట్టుకున్నది బయాస్ కాబట్టి చెడగొట్టిందీ బయాసే అని తీర్మానించేశాను. కాకి వాలిన క్షణానే తాటిపండు రాలితే కాకి మీద కేసు పెట్టినట్టయింది నా పని.

పాత వెర్షన్ వెనక్కి వేద్దామని మళ్లీ ఫ్లాష్, అంటే చిప్పులోకి రాయడం, మొదలుపెట్టాను. ముందుకు సాగే గీత 38 శాతం దగ్గర నిలిచిపోయింది. ఫ్యాన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి, సమయం ఒంటిగంట దాటింది, తెల్లారేసరికి బిల్లింగ్ వాళ్లు వచ్చేస్తారు. ఏడు నిమిషాలు చూశాను. ఆ తర్వాత బొటనవేలు పవర్ బటన్ మీద పెట్టి అలాగే నొక్కిపట్టాను, నాలుగైదు సెకన్లు. ఆ మోత ఒక్కసారిగా తెగిపోయాక గదిలో మిగిలిన నిశ్శబ్దం నాకు ఇప్పటికీ అప్పుడప్పుడు నిద్రలో వినబడుతుంది. మళ్లీ బటన్ నొక్కితే పచ్చదీపం వెలిగింది గాని తెర వెలగలేదు. చిప్పులో పాతది చెరిపి కొత్తది రాస్తున్నప్పుడు సగంలో ఆపితే రెండూ ఉండవని పుస్తకాల్లో చదివినవాణ్ణే, నలుగురికి పాఠం చెప్పినవాణ్ణే.

మారు మదర్‌బోర్డు మూడో రోజుకు వచ్చింది. అప్పటిదాకా బిల్లులు చేత్తో రాశారు. రాస్తున్నవాళ్లలో ఒక పెద్దాయన నన్ను ఒక్క మాటా అనలేదు. నేను అటు వెళ్లినప్పుడల్లా కార్బన్ కాగితం తీసి నాకు కనబడేలా సర్దుకునేవాడు, అంతే. బోర్డు బిగించి, డిస్కులు పెట్టి, ఆన్ చేశాను. వరుసలు పరుగెత్తాయి. అదే చోట ఆగాయి. అవే 90 సెకన్లు, అదే ఎమర్జెన్సీ మోడ్! ఈసారి చదివాను. ఎనిమిది నెలల ముందు నేనే ఒక కొత్త డిస్కు కలిపి, లేచేటప్పుడు ఏ డిస్కులు కలుపుకోవాలో సర్వర్‌కు చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో దాని గుర్తింపు రాస్తూ 8 బదులు బి అక్షరం కొట్టాను. ఆ రోజు డిస్కును నేనే చేత్తో మౌంట్ చేసి, అంటే వాడుకలోకి కలిపి, ఇంటికి వెళ్లిపోయాను కనక తప్పు లోపలే దాక్కుంది. దిద్దడానికి అర నిమిషం పట్టింది. పాపం, బయాస్ ఏ పాపమూ ఎరగదు.

అందుకని అమ్మలూ, శనివారానికి రెండు మూడు రోజుల ముందే వీలు చూసుకుని, ఏ అప్‌డేటూ పెట్టకుండా ఆ సర్వర్‌ను ఉత్తినే ఒకసారి రీబూట్ చెయ్యి. డిస్కులు, నెట్‌వర్క్, డేటాబేస్, బిల్లింగ్ సర్వీసు అన్నీ ఎవరి చెయ్యీ పడకుండా వాటంతట అవే లేచాయో లేదో చూడు. లేవకపోతే అది పాత రోగం. ఆ రాత్రి దాన్నే కుదర్చు, ఫర్మ్‌వేర్ మాట మర్చిపో. అన్నీ లేస్తే, శనివారం ఏదైనా తేడా వచ్చినప్పుడు ఎవరిని అనుమానించాలో నీకు స్పష్టంగా తెలుస్తుంది.

ఇక బటన్ సంగతి. బయాస్ మారాక మొదటిసారి లేచేటప్పుడు సర్వర్ మెమరీనంతా కొత్తగా సరిచూసుకుంటుంది. మెమరీ ఎక్కువగా ఉంటే చాలా నిమిషాలు తెర నల్లగానే ఉంటుంది. సర్వర్‌ను లోపలి నుంచి కనిపెట్టుకుని ఉండే చిన్న కంట్రోలర్ బీఎంసీని అప్‌డేట్ చేసినప్పుడు, ఫ్యాన్లను నడిపేది అదే కాబట్టి, అది తిరిగి లేచేదాకా ఫ్యాన్లు పూర్తి వేగంతో హోరెత్తవచ్చు, దూరం నుంచి చూసే కన్సోల్ కూడా తెగిపోతుంది. ఇవేవీ చావు సూచనలు కావు. తయారీదారు చెప్పిన సమయానికి రెండింతలు దాటేవరకు చెయ్యి పెట్టకు. ఇప్పటి సర్వర్లు చాలావాటిలో బయాస్‌కు రెండో నకలు ఉంటుందని నువ్వు అంటావు, నిజమే. అయినా ఆ గదిలోకి ఒక కుర్చీ తీసుకెళ్లు. నిలబడ్డవాళ్ల చెయ్యే బటన్ మీదికి పోతుంది.

రిలీజ్ నోట్స్ చివరిదాకా చదువు. ఏ వెర్షన్ నుంచి నేరుగా దూకవచ్చో, మధ్యలో ఏ మెట్టు ఎక్కాలో, ఒకసారి ఎక్కాక వెనక్కి దిగే వీలుందో లేదో అందులోనే ఉంటుంది. బీఎంసీ, బయాస్, డిస్కులన్నింటినీ ఒక జట్టుగా నడిపే రెయిడ్ కంట్రోలర్ ఏ వరుసలో వెయ్యాలో కూడా అక్కడే చూసుకో. అన్నీ ఒకే దెబ్బకు వేసెయ్యకు; ఒక్కొక్కటి వేసి, లేపి, చూసి, తర్వాతది. రెయిడ్ కంట్రోలర్ ఎప్పుడైనా ఫారిన్ కాన్ఫిగరేషన్, అంటే తనది కాదనుకునే డిస్కుల అమరిక, కనబడిందని అడిగితే, దాన్ని చెరిపేసే క్లియర్ అన్న మాటను ముట్టుకోకుండా నాకు ఫోను చెయ్యి, ఎన్ని గంటలైనా సరే. విండోస్ మీద డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే ముందు దాన్ని సస్పెండ్ చేసి, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి జేబులో పెట్టుకో. ఆ కీ అదే సర్వర్‌లో దాచుకున్నవాళ్లను నేను చూశాను.

బయాస్ సెట్టింగులన్నింటికీ ముందే ఫొటోలు తీసుకో, అప్‌డేట్‌తో అవి మొదటికి పోవచ్చు. ఏడేళ్లప్పుడు నా కీబోర్డు మీటలన్నీ పీకి అక్షరక్రమంలో పేర్చిన దానివి నువ్వు. తిరిగి పెట్టమంటే ఏది ఎక్కడుందో తెలియక ఏడ్చావు. రాత్రంతా ఇద్దరం కూర్చుని పెట్టాం, ఒకటి మాత్రం దొరకలేదు. ఆ కీబోర్డు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఇన్ని చెప్పానని అప్‌డేటే మానుకునేవు సుమా. సర్వర్లు తయారుచేసే హెచ్‌పీఈ 2019 నవంబరులో ఒక హెచ్చరిక ఇచ్చింది: కొన్ని ఎస్‌ఎస్‌డీలు పాత ఫర్మ్‌వేర్‌తో సరిగ్గా 32,768 గంటలు నడిచాక చచ్చిపోతాయని, డిస్కూ దక్కదు, డేటా దక్కదని. అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు. ఒకే రోజు ఆన్ చేసిన డిస్కులు దాదాపు ఒకేసారి పోతాయి కనక రెయిడ్ కూడా ఆదుకోదు. అలాగని వచ్చినదల్లా ఆ పూటే ఎక్కించకు. 2018 జనవరిలో ప్రాసెసర్లలోని స్పెక్టర్ అనే భద్రతా లోపానికి ఇచ్చిన మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఫర్మ్‌వేర్) వల్ల సర్వర్లు వాటంతటవే రీబూట్ అవుతుంటే, ఇంటెల్ సంస్థే ఇక వెయ్యవద్దని చెప్పవలసి వచ్చింది. నీది భద్రత కోసమా, తెలిసిన లోపం కోసమా, లేక వెర్షన్ అంకె కొత్తదనా? మూడోదైతే నెల రోజులు ఆగు.

శనివారం నేను మేలుకునే ఉంటాను. నువ్వు పిలవనంతసేపూ పని సజావుగా సాగుతోందనే అనుకుంటాను. ఫ్యాన్ల మోత తగ్గాక మాత్రం ఒక్క మాట పంపు.

ఇట్లు,
నీ మామయ్య