‘తగ్గిపోతుందన్నారు కదమ్మా, ఏదీ?’

ప్రశ్న: మా సంఘం స్త్రీల సమాజం నుంచి నలుగురం ప్రతి శనివారం ఆసుపత్రికి వెళ్ళి రోగుల కోసం ప్రార్థన చేసి వస్తున్నాం. క్యాన్సర్‌తో ఉన్న ఒకావిడ కోసం నెల రోజులుగా ప్రార్థిస్తున్నాం. పోయిన వారం ఆమె భర్త, ‘తగ్గిపోతుందన్నారు కదమ్మా, ఏదీ?’ అని గట్టిగా అడిగాడు. నోట మాట రాలేదు. మళ్ళీ ఆ వార్డుకి వెళ్ళాలంటే టెన్షన్‌గా ఉంది. ఆయనకి ఏం జవాబు చెప్పాలి?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, తగ్గిపోతుందని మీ నలుగురిలో ఎవరన్నారు? డాక్టరు కూడా అనని మాట అది. ‘రోగినై యుంటిని, నన్ను చూడవచ్చితిరి’ అన్నాడు ప్రభువు. బాగుచేయవచ్చితిరి అనలేదు. మన పని చూడటానికి వెళ్ళడం. ఆ మాట అన్నదెవరో వాళ్ళే ఆయన దగ్గరికి వెళ్ళి, ‘అలా అనకుండా ఉండాల్సింది’ అని ఒప్పుకోవాలి. కష్టమే, కానీ తప్పదు.

నేనూ తక్కువ తినలేదు. మిషన్ ఆసుపత్రిలో చాప్లిన్‌గా, అంటే రోగుల్ని పలకరించి ప్రార్థన చేసే పాస్టరుగా, చేరిన కొత్తలో, పొట్ట ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన మంచం మీదే కూర్చుని కీర్తన మొత్తం చదివేశాను. ఆయన కళ్ళు మూసుకుని మూలుగుతుంటే భక్తి అనుకున్నాను. నర్సమ్మ వచ్చి, ‘అయ్యగారూ, మీరు కదిలినప్పుడల్లా ఆయనకి కుట్లు లాగుతున్నాయి, కాస్త లేవండి’ అంది. ఆ రోజు నుంచి స్టూలు లేకపోతే నిలబడే మాట్లాడాను.

తర్వాత శిక్షణకి వెళ్ళినప్పుడు, రోగితో జరిగిన సంభాషణంతా గుర్తున్నంతవరకు రాసి తెమ్మనేవారు. నేను రాసిన మొదటి కాగితంలో ముప్పాతిక భాగం నా మాటలే! 1925లో అమెరికాలోని వూస్టర్ మానసిక చికిత్సాలయంలో ఆంటన్ బోయిసెన్ అనే పాస్టరు ఇలాంటి శిక్షణ మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన కూడా మానసిక జబ్బుతో ఆసుపత్రిలో ఉండి వచ్చినవాడే. వేదాంత విద్యార్థులు పుస్తకాలు చదివినంత శ్రద్ధగా రోగుల్ని చదవాలనేవాడు. మంచం మీద పడి ఉన్నవాడికి మనం ఎలా కనిపిస్తామో ఆయనకి తెలుసు మరి.

ఇక ఆ భర్త సంగతి. ఆయన మిమ్మల్ని వేదాంతం అడగలేదమ్మా. భయపడుతున్నాడు, అంతే. బైబిల్లో అన్నీ పోగొట్టుకుని జబ్బుపడ్డ యోబు ఉన్నాడు కదా, అతని స్నేహితుల్ని మనం తిడతాం గానీ, వాళ్ళు మొదట ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నోరెత్తకుండా అతని పక్కన కూర్చున్నారు. మాట్లాడటం మొదలుపెట్టాకే చెడగొట్టారు. ‘విశ్వాసం తక్కువైంది, ఏదో పాపం ఉండుంటుంది’ అనే మాటలు మీ గుంపులో ఎవరి నోటా రానివ్వకండి.

ఈ శనివారం నలుగురూ వద్దు, మీరొక్కరే వెళ్ళండి. ముందు నర్సుని అడగండి, డాక్టర్ల రౌండ్ల టైములో వద్దు. చేతులు కడుక్కోండి. కరపత్రాలు ఇంట్లో పెట్టి రండి. లేచి వెళ్ళిపోలేనివాళ్ళకి వాటిని పంచడం నాకు ఎప్పుడూ నచ్చదు. ‘మీరు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు బాబూ’ అని ఆయనతో చెప్పేయండి. రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటున్నాడో, తిన్నాడో లేదో అడగండి. ఆవిడ పక్కన మీరు కూర్చుంటే ఆయన వెళ్ళి స్నానం చేసి, టిఫిన్ తిని వస్తాడు. ప్రార్థన చేయమని వాళ్ళే అడిగితే చేయండి. చిన్నగా, మెల్లగా. పక్క మంచం ఆమె నిద్రపోతూ ఉండొచ్చు.