మామిడి స్లష్ నీళ్ళయిపోతా ఉంది, ఏం చేయాలక్కా?

ప్రశ్న: అక్కా నమస్తే, మాది తిరుపతి. ఈ ఎండలకి పిల్లోళ్ళు బయట అమ్మే ఫ్రోజెన్ మ్యాంగో డ్రింక్ కావాలని ఒకటే గోల, సరేలే అని ఇంట్లోనే మామిడి రసం, ఐస్ క్యూబ్స్ మిక్సీలో వేసి తిప్పితే పైన ఐస్ గడ్డలు కింద నీళ్ళు, రుచి చూస్తే చప్పగా, పైగా బ్లేడ్ కూడా వంగింది. ఆదివారం 10 మంది చుట్టాలొస్తా ఉండారు. మా మరిదోళ్ళు వాళ్ళ వరకు రమ్ము కలిపి ఇమ్మంటా ఉండారు, అది గడ్డ కడుతుందా?

జవాబు: ముందు ఆ ఐస్ క్యూబ్స్ మానెయ్యమ్మా. ఐస్ అంటే ఉత్త నీళ్ళే కదా, అది కరిగేకొద్దీ మామిడి పల్చనైపోతుంది, అందుకే చప్పగా ఉండింది. నీళ్ళకి బదులు పండునే గడ్డ కట్టించు. బాగా మాగిన బంగినపల్లి తీసుకుని అంగుళం ముక్కలు కోసి, స్టీల్ ప్లేట్‌లో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్రీజర్‌లో 5 గంటలు పెట్టు, గట్టిపడినాక కవర్లో వేసి దాచుకో. ముక్కల్ని ఒకేసారి కవర్లో కుక్కి పెట్టినావంటే మాత్రం మొత్తం ఒకే బండరాయి అయిపోతుంది, దాన్ని మిక్సీలో వేస్తే మళ్ళీ బ్లేడ్ పోతుంది.

రెండు గ్లాసులకి రెండు కప్పుల ముక్కలు, ముప్పావు కప్పు చల్లటి నీళ్ళు, రెండు స్పూన్ల చక్కెర, సగం నిమ్మకాయ రసం, చిటికెడు ఉప్పు. చల్లగా ఉన్నప్పుడు నాలుకకి తీపి తక్కువ తెలుస్తుంది కాబట్టి మామూలు జ్యూస్‌కన్నా కాస్త ఎక్కువే వెయ్యి, పైగా చక్కెర ఉంటేనే అది రాయిలా గడ్డకట్టకుండా మెత్తగా ఉంటుంది. ముక్కల్ని బయటికి తీసి 3 నిమిషాలు ఆగి, మిక్సీని ఆపి ఆపి తిప్పు, ఒకే పట్టున తిప్పితే జార్ వేడెక్కి అంతా కరిగిపోతుంది.

మన చిత్తూరు వైపు తోతాపురికి కొదవ లేదు కదా, గుజ్జు ఫ్యాక్టరీలకి పోయేది ఎక్కువగా అదే. ఆ కాయలో పులుపుంటుంది, కండ గట్టిది, అందుకే సగం బంగినపల్లి సగం తోతాపురి వేస్తే నాకైతే ఉత్త బంగినపల్లికన్నా శానా బాగుంటుంది, నిమ్మకాయ తగ్గించుకోవచ్చు. పుచ్చకాయ ఒక్కటే వేస్తే గరగరలాడే ఐసే వస్తుంది, అందులో నీళ్ళే ఎక్కువ, కాబట్టి ఒక అరటిపండు కలుపు. పైనాపిల్‌లో మాత్రం పాలు పొయ్యొద్దు, చేదెక్కుతుంది.

రమ్ము సంగతి. బాటిల్‌లో ఆల్కహాల్ 40 శాతం పైనే ఉంటుంది, మన ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీలకి అది గడ్డకట్టదు, ఎక్కువ పోస్తే స్లష్ కాస్తా రసమైపోతుంది. గ్లాసుకి 30 ఎం.ఎల్. దాటనీయకుండా, అంత మేరకి నీళ్ళు తగ్గించు. ఆ జార్ వేరే, పిల్లల జార్ వేరే, దయచేసి రెండూ ఒకే రంగులో పక్కపక్కన పెట్టొద్దమ్మా. మిగిలితే బాటిల్ ఇంట్లోనే ఉండాల, చుట్టాలు తర్వాత కొండకి పోయేటట్టుంటే సంచిలో పొరపాటున కూడా పెట్టొద్దని చెప్పు, తిరుమలలో మందు నిషేధం.

10 మందికి ఒకేసారి చేయడం నీకొక్కదానికే కష్టం అనుకోవద్దు. అమెరికాలో డల్లాస్‌లో మరియానో మార్టినెజ్ అనే హోటలాయనకి కూడా బ్లెండర్‌తో ఇదే తంటా, ఒక్కో గ్లాసు ఒక్కో రకంగా వచ్చేది, చివరికి 1971లో సాఫ్టీ ఐస్‌క్రీమ్ మెషీన్‌నే మార్చుకుని ఫ్రోజెన్ మార్గరీటా (టెకీలా అనే మందులో నిమ్మరసం కలిపి చేసే స్లష్) చేసినాడు, ఆ మెషీన్ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. మనకి మెషీన్ లేదు కాబట్టి వాళ్ళు రావడానికి గంట ముందు విడతలు విడతలుగా తిప్పి, స్టీల్ గిన్నెలో ఫ్రీజర్‌లో పెట్టి, 20 నిమిషాలకోసారి ఫోర్క్‌తో కలుపుతా ఉండు. స్టీల్ గ్లాసులు కూడా అందులోనే పెట్టేయ్, పోసినాక తొందరగా కరగదు.