లేబర్ రూమ్‌ల అందరు మంచోళ్లే, టీమ్ మాత్రం కుదుర్తలేదు

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను నల్లగొండ జిల్లాల ఒక సర్కారు దవాఖానల లేబర్ రూమ్ ఇన్‌చార్జి స్టాఫ్ నర్సును. మా సిస్టర్లకు పని మంచిగనే వస్తది కాని ఒకరికొకరు చెప్పుకోరు. మొన్న ఒక గర్భిణికి రాత్రి బీపీ పెరిగింది, కొత్త సిస్టర్ కేస్‌షీట్ల రాసింది గాని డాక్టర్‌కు ఫోన్ చెయ్యలే, పొద్దున డ్యూటీ వాళ్లకూ చెప్పలే. అడిగితే "సార్ కసురుతరని భయమైంది" అన్నది. మేం చూసుకున్నం కాబట్టి ఏం కాలే. ఆశా వర్కర్లు లోపలికి రానీకే జంకుతరు. మీటింగ్ పెట్టి గట్టిగ చెప్పిన, నాలుగు రోజులు నడిచింది, మళ్ల అదే. ఏం చెయ్యాలె?

జవాబు: సిస్టర్, గట్టిగ చెప్తే భయం పెరుగుతది గాని తగ్గదు, మీ దగ్గర అసలు రోగమే భయం. 1990లల్ల అమెరికాల ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు దవాఖానల్ల నర్సుల టీమ్‌లను చూస్తే, మంచి టీమ్‌లల్లనే మందుల తప్పులు ఎక్కువ లెక్కకొచ్చినయి. తీరా చూస్తే వాళ్లు తప్పులు ఎక్కువ చేసుడు కాదు, దాచకుంట చెప్పుడు ఎక్కువ. అందుకే తప్పు చెప్పినోళ్లను అందరి ముంగట అడగొద్దు, "చెప్పి మంచి పని చేసినవ్" అని ముందు అనుర్రి, మిగిలింది తర్వాత మాట్లాడుకోవచ్చు.

డ్యూటీ మారేటప్పుడు టేబుల్ కాడ రిజిస్టర్ అప్పజెప్పి పోవుడు బంద్ పెట్టుర్రి. ఇద్దరు కలిసి ఒక్కో బెడ్ కాడికి పోవాలె, నాలుగు మాటలు చెప్పాలె: ఇప్పుడెట్లున్నది, ఇంతకుముందు ఎట్లుండె, నాకేమనిపిస్తున్నది, ఇప్పుడేం చెయ్యాలె. దీన్నే ఎస్‌బార్ అంటరు, అమెరికా నేవీల పుట్టి దవాఖానలకొచ్చిన పద్ధతి. డాక్టర్‌కు ఫోన్ చేసినా ఇదే వరుస. "సార్, మూడో బెడ్ ఆమెకు బీపీ 160/110 ఉన్నది, సాయంత్రం 130/90 ఉండె, తలనొప్పి అంటున్నది, నాకు ప్రీఎక్లాంప్సియా అనిపిస్తున్నది, మీరు ఇప్పుడే వచ్చి చూడాలె." (ప్రీఎక్లాంప్సియా అంటే గర్భిణికి బీపీ పెరిగి తల్లికీ బిడ్డకూ ప్రమాదమయ్యే జబ్బు.) కొత్తోళ్లు మొదటి రెండు మాటలు చెప్పి ఆగిపోతరు, చివరి రెండే నోరు తిరగదు, అవే నేర్పాలె, ఖాళీ ఉన్న మధ్యాహ్నం మీరే డాక్టర్‌లెక్క ఫోన్ ఎత్తి వాళ్లతోని చెప్పించుర్రి. అట్లనే కాన్పు అయినంక బ్లీడింగ్ ఎక్కువైతే, దాన్ని ఆపే ఆక్సిటోసిన్ ఇంజక్షన్ ఫ్రిజ్‌ల నుంచి ఎవరు తేవాలె, కడుపు మీద మసాజ్ ఎవరు, 108కు ఎవరు, ఆయమ్మ ఏం పట్టుకోవాలె, ఇవన్నీ పేషెంట్ లేనప్పుడే చేసి చూసుకోవాలె.

డబ్ల్యూహెచ్‌ఓ 2008ల ఆపరేషన్ల కోసం 19 అంశాల చెక్‌లిస్ట్ తెచ్చింది, ఢిల్లీతో కలిపి 8 నగరాల్ల పెట్టి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గినయి. అందుల కోత పెట్టే ముందు అక్కడున్న ప్రతి ఒక్కరు పేరు, పని చెప్పుకోవాలె అని ఒక అంశం ఉంటది. నాకైతే అది శానా నచ్చుతది, పేరు పెట్టి పిలిచే మనిషికి ఏదన్న తేడా కనపడితే చెప్పబుద్ధయితది. మీ ఆయమ్మల పేర్లు డాక్టర్‌కు తెల్సా?

ఇగ ఆశాలు. దాదాపు వెయ్యి మందికి ఒక ఆశా, ఆ గర్భిణి రక్తం తక్కువుండి ఐరన్ గోలీలు మింగిందా, నెలలు నిండంగ వలసకు పోయొచ్చిందా, ఇంట్ల ఎవరు చూసుకుంటరు, అన్నీ ఆమెకే తెలుస్తయి, మీ కేస్‌షీట్ల ఉండయి. లోపల ఒక కుర్చీ వేసి "అక్కా, ఈమె గురించి చెప్పు" అని అడగుర్రి, గేటు కాడ నిలబెట్టి పంపుడు పేషెంట్‌కే నష్టం.

డాక్టర్ గారితోని ఒక్కరే మాట్లాడుర్రి, పేషెంట్ల ముంగట వద్దు. "రాత్రి ఫోన్ చేస్తే కసరొద్దు సార్, వాళ్లు చెయ్యుడు మానేస్తరు" అని ఆ బీపీ కేసే చూపెట్టుర్రి. అయినా మారకపోతే సూపరింటెండెంట్ కాడికి పోవుడే, కాని వాళ్లన్నరు వీళ్లన్నరు అని కాదు, తేదీ, టైమ్, బీపీ రీడింగ్ రాసిన కేస్‌షీట్ తీసుకొని పోవాలె.