ఆ ఫిరంగికి బయానా ఇచ్చే ముందు

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం వాడిన 37 మిల్లీమీటర్ల ట్యాంకు విధ్వంసక ఫిరంగి, పాక్ 36. నీ ఉత్సాహం నాకు అర్థమైంది. కానీ అమ్మే వ్యక్తి రాసిన ఒక మాట దగ్గర నా మనసు ఆగిపోయింది: "కాగితాలు తర్వాత చేయించుకోవచ్చు."

చేయించుకోలేవు. అమెరికాలో ఇంత పెద్ద గొట్టం ఉండి, పేల్చగల స్థితిలో ఉన్న యుద్ధకాలపు ఫిరంగిని చట్టం విధ్వంసక ఆయుధంగా లెక్కిస్తుంది. 1968లో చట్టం మార్చినప్పుడు, అప్పటికే జనం దగ్గరున్న ఆయుధాలను నమోదు చేసుకోవడానికి ఒక్క నెల గడువిచ్చారు, నవంబరు 2 నుంచి డిసెంబరు 1 వరకు. నమోదు కాకుండా మిగిలిన దాన్ని ఇప్పుడు నువ్వు నీ పేరున నమోదు చేసుకునే దారి లేదు. దగ్గర ఉంచుకోవడమే నేరం, పదేళ్ల వరకు జైలు. నమోదైన ఫిరంగి అయితే ప్రభుత్వ అనుమతి వచ్చి, 200 డాలర్ల బదిలీ పన్ను కట్టాకే నీ చేతికి రావాలి. కొన్ని రాష్ట్రాలు దానికీ ఒప్పుకోవు, ముందు మీ రాష్ట్ర చట్టం చూసుకో.

"పనిచేయకుండా చేసేశాం" అని అతను అంటే అదొక్కటే చాలదు. గొట్టాన్ని ఎక్కడ మూశారు, వెనుక గుండు పెట్టే బ్రీచ్‌ను ఎలా వెల్డింగ్ చేశారు, అది చట్టానికి సరిపోతుందని రాతపూర్వకంగా ఏముంది? ఈ మూడూ అడుగు. దానితో పాటు గుండ్లు ఇస్తానంటే వద్దను. పేలుడు పదార్థం ఉన్న ప్రతి గుండూ చట్టం దృష్టిలో విడిగా ఒక ఆయుధమే, పైగా ప్రాణాంతకం.

ఇక ఫిరంగి సంగతి. గొట్టం, బ్రీచ్, బండి, వీటి మీది సీరియల్ నంబర్లు, తనిఖీ ముద్రలు దగ్గరగా ఫొటోలు తీయించు. నంబర్లు వేర్వేరుగా ఉన్నాయని వెంటనే వదులుకోకు, యుద్ధంలో భాగాలు మార్చుకోవడం మామూలే. కానీ అసలువి అని చెప్పి కొత్త నంబరు రేకులు అంటగడితే మాత్రం నాకు కోపం వస్తుంది. గురిచూసే అద్దాల పరికరం ఉందో లేదో తప్పకుండా అడుగు, తరచూ మాయమయ్యేది అదే.

తళతళలాడే రంగు చూసి మురిసిపోకు. యుద్ధం మొదట్లో ముదురు బూడిద రంగు, 1943 నుంచి ముదురు పసుపు, ఆ పొరలే దాని ప్రయాణం చెబుతాయి. ఇసుక కొట్టించి గీకేస్తే ఆ సాక్ష్యం మళ్లీ రాదు. 1940 మేలో ఫ్రాన్స్‌లోని అరాస్ దగ్గర బ్రిటిష్ మటిల్డా ట్యాంకుల మందపాటి కవచం మీద ఈ రకం ఫిరంగుల గుండ్లు పనిచేయలేదు. ఆ ఫిరంగుల వెనుక నిలబడ్డ కుర్రాళ్లది నీ వయసే. అందుకే తుప్పు ఆపు చాలు, దాన్ని కొత్తదానిలా చేయకు. గుండు వదిలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బను తట్టుకునే సిలిండర్‌ను నువ్వు సొంతంగా విప్పకు, తెలిసిన మెకానిక్‌ను పిలువు.

నమోదు పత్రం నకలు, ఆ నంబర్ల ఫొటోలు వచ్చాక నాకు పంపు. అప్పటిదాకా ఒక్క డాలరు కూడా బయానా ఇవ్వకు.

ఆశీస్సులతో,
అన్నయ్య