మోసగాళ్ల మెయిళ్లకు జవాబులు రాస్తున్న మామయ్యగారు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా మామయ్యగారికి 71 ఏళ్లు. ఇంగ్లిష్ లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. మూడు నెలల క్రితం ఆయన పాత సహోద్యోగి పేరుతో ఒక మెయిలు వచ్చింది. ‘కొలంబోలో ఉన్నాను, బ్యాగు పోయింది, పాస్‌పోర్టూ ఫోనూ అందులోనే ఉన్నాయి, హోటలు బిల్లు కట్టందే కదలనివ్వరు, ఫోన్ చెయ్యొద్దు, మెయిల్లోనే మాట్లాడు’ అని. మామయ్యగారు ఎవరికీ చెప్పకుండా నెట్‌బ్యాంకింగ్‌లో రెండు విడతలుగా 85 వేలు పంపారు. మూడో రోజు పొద్దున బృందావన్ గార్డెన్స్‌లో వాకింగ్‌కు వెళ్తే ఆ స్నేహితుడే ఎదురొచ్చి పలకరించారట. ఈయన సిగ్గుతో ఆయనకు ఏమీ చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు. పాస్‌బుక్ ఎంట్రీ వేయిస్తే మాకు తెలిసింది. అప్పటి నుంచి డబ్బు అడుగుతూ వచ్చే ప్రతి మెయిలుకూ జవాబు రాస్తున్నారు. ‘వాళ్ల టైము తినేస్తున్నా’ అంటారు. రాత్రి ఒంటిగంట దాకా అదే పని. వాళ్ల ఇంగ్లిష్‌లో తప్పులు దిద్ది మరీ పంపుతున్నారు. పోయిన వారం ఎవరో మావారికి ఫోన్ చేసి, మామయ్యగారి పూర్తి పేరు, మా వీధి చెప్పి, ‘మీ నాన్నగారి మీద కేసు ఉంది’ అన్నారు. మావారు కోపంతో ల్యాప్‌టాప్ బీరువాలో పెట్టి తాళం వేశారు. తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ల్యాప్‌టాప్‌ను బీరువాలోంచి తీయించండమ్మా. మీ దగ్గరున్న ముఖ్య సాక్ష్యం ఆ మెయిళ్లే, వాటిని సరిగ్గా దించుకోవాలంటే కంప్యూటర్ కావాలి. కోపం మీద ఎవరైనా ఆ మెయిళ్లు చెరిపేస్తే, జీమెయిల్ ట్రాష్‌లో 30 రోజులే ఉంటాయి, తర్వాత దొరకవు. దాన్ని లాక్కోవడం వల్ల మామయ్యగారి పని ఆగుతుందనుకోవడం కూడా పొరపాటే. మెయిలు ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది. ఇప్పుడు మీ కళ్ల ముందు రాస్తున్నది అప్పుడు దుప్పట్లో రాస్తారు, అంతే తేడా.

ఇక ఫిర్యాదు. మీరు ఇచ్చినట్టు ఎక్కడా రాయలేదు కాబట్టి ఇవ్వలేదనే అనుకుంటున్నాం. మూడు నెలల తర్వాత ఇప్పుడేంటి, దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు అని మీవారు అనొచ్చు. సగం నిజమే. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు మొదటి గంటల్లో చెబితే డబ్బు చేరిన ఖాతాను, అక్కడి నుంచి మారిన ఖాతాలను వరుసగా ఆపించే అవకాశం ఉంటుంది. మూడు నెలలకు ఆ డబ్బు అదే ఖాతాలో కూర్చుని ఉండదు. ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. అయినా ఫిర్యాదు ఇవ్వాలి. ఇలాంటి డబ్బు వచ్చిపడేవి సాధారణంగా కమీషన్‌కు తీసుకున్న అద్దె ఖాతాలు. ఒకే ఖాతాలో చాలామంది డబ్బు పడుతుంది. వేరేవాళ్ల ఫిర్యాదుతో అది ఇప్పటికే స్తంభించి ఉంటే, అందులో మిగిలినదానికి మీరూ హక్కుదారులని చెప్పుకోవడానికి ఫిర్యాదు నంబరు కావాలి.

1930కి ఫోన్ చేయండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఆర్థిక మోసం విభాగంలో నమోదు చేయండి. వచ్చిన రసీదు నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ తర్వాత స్టేషన్‌కు వెళ్లేటప్పుడు బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకెళ్లాలి. అందులో రెండు విడతల తేదీ, సమయం, డబ్బు చేరిన ఖాతా నంబరు, దాని ఐఎఫ్ఎస్‌సీ, లావాదేవీ నంబరు ఉండాలి. ఐఎంపీఎస్ అయితే ఆ నంబరు 12 అంకెలు, నెఫ్ట్ అయితే 16 అక్షరాల యూటీఆర్. పాస్‌బుక్ ఎంట్రీలో ఇవన్నీ పడవు, బ్రాంచిలో అడిగి తీసుకోండి. మెయిలు విషయంలో అందరూ చేసే తప్పు స్క్రీన్‌షాట్ తీసి ఇవ్వడం, లేకపోతే ఫార్వర్డ్ చేయడం. మెయిలు ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో చెప్పే హెడర్ ఆ రెండింట్లోనూ పోతుంది. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఆ మెయిలు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’, అందులో ‘డౌన్‌లోడ్ ఒరిజినల్’ నొక్కితే ఒక ఫైలు వస్తుంది. పెన్‌డ్రైవ్‌లో పెట్టాల్సింది ఆ ఫైలు.

ఇంకొకరిలా నటించి కంప్యూటర్ ద్వారా మోసం చేయడం ఐటీ చట్టం 66డి కిందికి వస్తుంది. భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318, ఇంకొకరిలా నటించి మోసం చేయడానికి 319 సెక్షన్లు ఉన్నాయి. మా పరిధి కాదని ఏ స్టేషన్లోనైనా అంటే పరిధితో పని లేకుండా ఏ స్టేషన్లోనైనా నమోదు చేసే జీరో ఎఫ్‌ఐఆర్ అడగొచ్చు. తిప్పుతున్నారనిపిస్తే సోమవారం ఎస్పీ కార్యాలయంలో జరిగే ఫిర్యాదుల పరిష్కార కార్యక్రమంలో అర్జీ ఇవ్వండి. బ్యాంకులోనూ రాతపూర్వకంగా చెప్పండి. కాకపోతే మూడు పనిదినాల్లో చెబితే బ్యాంకే భరిస్తుందని అందరూ చెప్పే నియమం, 2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చింది, ఖాతాదారుకు తెలియకుండా పోయిన డబ్బు గురించి. మామయ్యగారు ఓటీపీ స్వయంగా కొట్టి పంపారు. దాని మీద వాదన పెట్టుకుని బ్రాంచి మేనేజరుతో తగాదా పడొద్దు.

మీ ఉత్తరంలో మమ్మల్ని ఎక్కువ కంగారు పెట్టింది వేరే ఉంది. ఆ స్నేహితుడికి ఇంకా చెప్పలేదన్నారు.

ఆ మెయిల్లో ‘ఫ్రమ్’ దగ్గరున్న చిరునామాను అక్షరం అక్షరం చదవండి. పేరు చూసి వదిలేయొద్దు, పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఒక అక్షరం ఎక్కువో తక్కువో ఉంటే అది ఆయన చిరునామాను పోలిన దొంగ చిరునామా. అక్షరాలన్నీ సరిపోతే ఆయన మెయిల్ ఖాతాలోకే ఎవరో దూరి ఉండొచ్చు. ‘రిప్లై టు’ దగ్గర వేరే చిరునామా ఉందేమో కూడా ఒరిజినల్‌లో కనిపిస్తుంది. మామయ్యగారు ఇచ్చిన జవాబులు ఆ స్నేహితుడికి ఎందుకు చేరలేదో అక్కడే తెలిసిపోతుంది. అక్కడా తేడా లేకపోతే, వచ్చిన జవాబులు ఆయన కంట పడకుండా చెత్తబుట్టలోకి పోయే ఫిల్టరు ఆయన ఖాతాలో పెట్టి ఉంటారు. ఆ ఖాతా ఇప్పటికీ తెరిచే ఉంటే, ఆయన పేరుతో ఇంకెంతమంది పాత విద్యార్థులకు, బంధువులకు కొలంబో కథ వెళ్తోందో!

ఆ స్నేహితుడు చేయాల్సిన పనికి అరగంట చాలు, కానీ ఒక్క పాస్‌వర్డు మార్చి ఊరుకుంటే కుదరదు. ముందు పాస్‌వర్డు మార్చాలి. తర్వాత గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలో ‘యువర్ డివైసెస్’ చూసి, తనవి కాని ఫోన్లు, కంప్యూటర్లన్నిటినీ సైన్ అవుట్ చేయాలి. రికవరీ ఫోను, రికవరీ మెయిలు తనవేనా, మారిపోయాయా చూసుకోవాలి. ఆ తర్వాత జీమెయిల్ సెట్టింగ్స్‌లో మూడు చోట్లు వెతకాలి: ఫిల్టర్లు, ఫార్వర్డింగ్, అకౌంట్స్ ట్యాబ్. తను పెట్టని ఫిల్టరు, తను ఇవ్వని ఫార్వర్డింగ్ చిరునామా, ఇంకొకరికి ఇచ్చిన ప్రవేశం కనిపిస్తే తీసేయాలి. ఫార్వర్డింగ్ తీయకపోతే పాస్‌వర్డు ఎన్నిసార్లు మార్చినా మెయిళ్లు వాడికి పోతూనే ఉంటాయి. చివరగా, పాస్‌వర్డుతో పాటు రెండో రుజువు కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోవాలి. తెలిసినవాళ్లకు ఫోన్ చేసి చెప్పాలి.

ఈ కబురు ఆయనకు చేర్చాల్సింది మామయ్యగారే. ముక్కూ మొహం తెలియని మోసగాళ్లకు మూడు నెలలుగా పేజీలు రాస్తున్న మనిషి, రోజూ ఎదురయ్యే స్నేహితుడికి ఒక్క మాట చెప్పలేకపోతున్నారు. ఆ ముడి విప్పితే రాత్రి రాతలు చాలావరకు వాటంతటవే తగ్గుతాయని మా అభిప్రాయం.

‘వాళ్ల టైము తినేస్తున్నా’ అనే మామయ్యగారి వాదన శుద్ధ తప్పు అని మాత్రం అనకండి. 2012లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లోని కోర్మాక్ హెర్లీ దాదాపు ఈ లెక్కే వేశాడు. ఇలాంటి మెయిళ్లు నమ్మశక్యం కాకుండా ఎందుకుంటాయంటే, తెలివైనవాళ్లు మొదట్లోనే తప్పుకుని, డబ్బిచ్చే అమాయకులే మిగలాలని. డబ్బివ్వని వాళ్లు జవాబులు రాస్తుంటే మోసగాడికి నష్టమే. ఆ లెక్కన మామయ్యగారు దిద్దుతున్న తప్పుల్లో కొన్ని జల్లెడగా పనికొచ్చేవే, దిద్దిచ్చి ఆయన వాళ్లకు కూలి లేకుండా ప్రూఫులు చూసిపెడుతున్నారు. ఈ మాట ఆయనకు చెప్పండి, నవ్వుతారు. కానీ ఇప్పుడు ఆ పక్క నుంచి జవాబులు రాయడానికి మనిషే అక్కర్లేదు, యంత్రం రాస్తుంది. యంత్రం టైము ఎవరూ తినలేరు.

నష్టం ఎక్కడ జరుగుతోందంటే, ఆయన సొంత పేరుతో, సొంత చిరునామా నుంచి రాస్తున్నారు. జవాబు వెళ్లిందంటే ఈ చిరునామాలో మనిషి ఉన్నాడు, చదువుతాడు, స్పందిస్తాడు అని తేలిపోతుంది. అలాంటి చిరునామాలు చేతులు మారతాయి. తిట్టినా, ‘నాకు వద్దు’ అని మర్యాదగా రాసినా ఒకటే. మెయిలు అడుగున సంతకంలో ఏముందో చూడండి. రిటైరైనవాళ్లు చాలామంది అక్కడ పూర్తి పేరు, హోదా, ఇంటి చిరునామా, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు కూడా పెట్టుకుంటారు. మీవారికి వచ్చిన ఫోన్ అక్కడి నుంచే వచ్చి ఉండొచ్చు. ఇంకో సంగతి, ఇలాంటి మెయిళ్లలో కొన్ని ఎవరో అమాయకుడి ఖాతా హ్యాక్ చేసి పంపినవి. ఈయన వాయించేది ఆ అమాయకుణ్ణే కావచ్చు. ఫోన్, చాటింగ్ మోసాల్లో అయితే ఆ పక్కన కూర్చున్నవాడు కొన్నిసార్లు పాస్‌పోర్టు లాక్కుని బంధించిన కుర్రాడు. ఉద్యోగాల పేరుతో మన కుర్రాళ్లను కంబోడియా పంపి ఈ పనే చేయించిన ఏజెంట్లను 2024 మేలో విశాఖ పోలీసులు పట్టుకున్నారు.

తర్వాత రాబోయేది ఏమిటో ఇప్పుడే చెబుతాం, సిద్ధంగా ఉండండి: పోయిన మీ 85 వేలు ఇప్పిస్తామని ఒక మెయిలు వస్తుంది. లాయరు పేరుతోనో, రిజర్వ్ బ్యాంకు ముద్రతోనో, ఇంటర్‌పోల్ అనో. ముందు కొంత ఫీజు కట్టమంటారు. ఒకసారి మోసపోయినవాళ్ల జాబితాకు విలువ ఎక్కువ. మామయ్యగారిలా ‘నేను తిరిగి కొడతాను’ అనే పట్టుదల ఉన్నవాళ్లు ఈ రెండో గాలానికే తేలిగ్గా చిక్కుతారు.

కాబట్టి నడుస్తున్న సంభాషణలన్నీ మధ్యలోనే వదిలేయాలి. వీడ్కోలు ఉత్తరం రాయొద్దు. మెయిళ్లు చెరపకుండా, ఒరిజినల్స్ దించిపెట్టుకున్నాక ‘రిపోర్ట్ ఫిషింగ్’ నొక్కి, ఆ చిరునామాను బ్లాక్ చేసి, సంతకం ఖాళీ చేయండి. వాళ్లు పంపిన ఫైలు ఏదైనా తెరిచారా, వాళ్లు చెబితే ఏదైనా యాప్ వేసుకున్నారా అని మెల్లగా అడగండి. అవునంటే ఆ ల్యాప్‌టాప్‌లో బ్యాంకు తెరవొద్దు. ఆ మెయిళ్ల ఒరిజినల్స్ దించిపెట్టుకుని మెకానిక్‌కు చూపించండి, పాస్‌వర్డులు వేరే పరికరం నుంచి మార్చండి. మీవారికి మళ్లీ ‘కేసు’ ఫోన్ వస్తే పెట్టేసి, ఆ నంబరును కేంద్ర టెలికాం శాఖ సైటు సంచార్ సాథీలో, మోసపు ఫోన్ల కోసం ఉన్న చక్షు విభాగంలో రిపోర్టు చేయమనండి. వీడియో కాల్‌లో అరెస్టు చేస్తామని బెదిరించినా భయపడొద్దు, అలాంటి పద్ధతి మన చట్టంలో లేదు.

మాట్లాడాల్సింది మీవారు. మీరు అటు మాట ఇటు, ఇటు మాట అటు మోయడం ఈ రోజుతో ఆపేయండి. ‘ఈ వయసులో మీకెందుకు’ అనే మాట మాత్రం రాకూడదు. ముప్ఫై ఏళ్లకు పైగా ఇతరుల ఇంగ్లిష్ దిద్దిన మనిషి, తప్పుల ఇంగ్లిష్‌తో వచ్చిన ఉత్తరానికి మోసపోయారు. ఆయన్ని కాలుస్తున్నది 85 వేల కన్నా అదే. మీవారు ఇలా అనొచ్చు: “నాన్నా, ల్యాప్‌టాప్ లాక్కోవడం నా తప్పు. స్నేహితుడు ఆపదలో ఉన్నాడని వెనకాముందు చూడకుండా పంపారు, అందులో సిగ్గుపడేదేం లేదు. ఆయన మెయిలు ఇంకా దొంగల చేతుల్లో ఉందేమో. రేపు ఇద్దరం కలిసి ఆయనకు చెబుదాం.” ఇంతకు మించి ఒక్క సలహా కూడా ఆ రోజు వద్దు. ఆడపడుచులకు, బంధువులకు ఈ సంగతి ఆయన్ని అడగకుండా చెప్పొద్దు.

పెన్షను ఆయనది, దాని మీద పెత్తనం తీసుకోకండి. ఇంట్లో అందరికీ కలిపి ఒక నియమం పెట్టుకోండి, మీవారికి కూడా: ఎవరు ఎంత ఆపదలో ఉన్నామని రాసినా, మనకు ముందునుంచీ తెలిసిన నంబరుకు ఫోన్ చేసి గొంతు వినకుండా కొత్త ఖాతాకు రూపాయి పంపకూడదు. ఫోన్ పోయిందంటే వాళ్లింట్లో ఇంకొకరికి చేయాలి. ‘ఫోన్ చెయ్యొద్దు’ అన్న మాట ఉందంటే అక్కడే ఆగిపోవాలి. నెట్‌బ్యాంకింగ్‌లో రోజువారీ పరిమితిని ఆయనే తగ్గించుకుంటానంటే పదివేలకు తగ్గించుకోవచ్చు.

రెండు మూడు వారాల తర్వాత కూడా నిద్ర పట్టక, తిండి తగ్గి, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం. రాత్రి ఒంటిగంటకైనా ఫోన్ ఎత్తుతారు.

ఫిర్యాదు మామయ్యగారి చేతే రాయించండి. తేదీలు, సమయాలు, ఏ మాటకు నమ్మారో, ఎక్కడ అనుమానం వచ్చీ వదిలేశారో వరుసగా రాయమనండి. పోలీసులకు కావలసింది అదే, అంత వివరంగా రాసే ఓపిక మీ ఇంట్లో ఆయనకే ఉంది.